నరం వెంట నడిచే క్యాన్సర్: పాఠకుల ప్రశ్నలు, వైద్యుల జవాబులు

క్యాన్సర్‌కూ నరాలకూ ఒంట్లోని రోగనిరోధక శక్తికీ ఉన్న లంకె మీద వచ్చిన ఉత్తరాల్లోంచి ఎనిమిదింటికి ఈసారి జవాబులు.

మా ఆయనకు బుగ్గ లోపల క్యాన్సర్. ఆపరేషన్ అయింది. గడ్డ మొత్తం తీసేశామన్నారు. తీరా బయాప్సీ రిపోర్టులో 'పీఎన్ఐ ప్రెజెంట్' అని ఉంది, రేడియేషన్ పెట్టించాలంటున్నారు. అంతా తీసేశాక ఇంకా దేనికి?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

పీఎన్ఐ అంటే పెరిన్యూరల్ ఇన్వేజన్, క్యాన్సర్ కణాలు నరాన్ని పట్టుకున్నాయని అర్థం. ముందు ఒక మాట. మనం సెలైన్ ఎక్కించేటప్పుడు 'నరం దొరకలేదు' అంటాం గానీ అది రక్తనాళం. ఇక్కడ చెప్పేది స్పర్శనూ నొప్పినీ మోసే అసలు నరం గురించి. రిపోర్టులో ఆ పక్కనే 'ఎల్‌వీఐ' అని ఉంటే అది రక్తనాళాలు, లింఫు నాళాల సంగతి. రెండూ ఒకటి కావు.

నరానికి ఒకదాని మీద ఒకటిగా మూడు పొరల తొడుగు ఉంటుంది. కణాలు ఆ పొరల్లోకి దూరినట్టో, నరం చుట్టుకొలతలో కనీసం మూడో వంతును చుట్టేసినట్టో మైక్రోస్కోపు కింద కనిపిస్తేనే పాథాలజిస్టు ఆ మాట రాస్తారు. పక్కన ఆనుకుని ఉంటే చాలదు. తొడుగు మెత్తన, అడ్డు లేని దారి కాబట్టి కణాలు అటు జారిపోతాయని ఒకప్పుడు అనుకునేవారు. సంగతి అంత తేలిక కాదని తర్వాత తెలిసింది. నరమూ, దాన్ని అంటిపెట్టుకుని ఉండే ష్వాన్ కణాలూ ఎన్‌జీఎఫ్, జీడీఎన్‌ఎఫ్ లాంటి పదార్థాలను వదులుతుంటాయి. దెబ్బతిన్న నరం మళ్లీ చిగురించడానికి ఒంట్లో ఉన్న ఏర్పాటు అది. క్యాన్సర్ కణం ఆ జాడ పట్టుకుని నరం దగ్గరికి చేరుతుంది. అంతటితో ఊరుకోదు, తనూ అలాంటి పదార్థాలనే వదిలి కొత్త నరపు కొసలను గడ్డలోకి రప్పించుకుంటుంది.

సర్జను గడ్డతో పాటు చుట్టూ సుమారు ఒక సెంటీమీటరు మంచి భాగాన్ని కూడా కలిపి కోస్తారు. నరం వెంట పోయిన కణాలు ఆ హద్దు దాటి, అక్కడొకటి ఇక్కడొకటిగా ఉండిపోవచ్చు. అవి కంటికి కనబడవు, స్కానుకూ అందవు. రేడియేషన్ వాటి కోసమే. సాధారణంగా రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే లెక్క) చొప్పున, వారానికి ఐదు రోజులు, ఆరు వారాల్లో మొత్తం 60 గ్రే ఇస్తారు. కోసిన అంచులో క్యాన్సర్ మిగిలినా, మెడలోని లింఫు బిళ్లల గోడ చీల్చుకుని బయటికి వచ్చినా దానికి సిస్‌ప్లాటిన్ కీమో కలుపుతారు. పీఎన్ఐ ఒక్కటే ఉంటే సాధారణంగా కీమో అక్కర్లేదు.

రేడియేషన్ ఆపరేషన్ జరిగిన ఆరు వారాల్లోపు మొదలవ్వాలి. ఆలస్యమయ్యేది చాలావరకు పళ్ల దగ్గరే. పాడైన పళ్లను ముందే పీకించాలి. రేడియేషన్ తర్వాత పీకితే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది. పీకిన చోట మానడానికి ఎలాగూ రెండు వారాలు పడుతుంది. కుట్లు విప్పిన రోజే పళ్ల డాక్టరుకు చూపించండి, ఆ రెండు వారాలూ కలిసొస్తాయి.

ఆపరేషన్ వల్ల వచ్చే తిమ్మిరి మొదటి రోజు నుంచే ఉంటుంది, ఉంటే అలాగే ఉంటుంది లేదా తగ్గుతూ పోతుంది. నెలల తర్వాత కింది పెదవి మీదో గడ్డం మీదో కొత్తగా చీమలు పాకినట్టు మొదలై, ఆ చోటు రోజురోజుకూ పెద్దదవుతుంటే, లేదా ముఖం ఒక పక్క కదలిక తగ్గితే, మామూలు చెకప్ తేదీ దాకా ఆగవద్దు. నరం వెంట పాకడాన్ని పట్టుకోవడానికి సీటీ కన్నా కాంట్రాస్ట్‌తో తీసే ఎంఆర్ఐ మేలు. ఇక గుట్కా, ఖైనీ సంగతి వేరే చెప్పాలా? రేడియేషన్ జరుగుతుండగా కూడా బుగ్గన పెట్టుకునేవాళ్లున్నారు, అందుకే చెప్పాల్సి వస్తోంది.

నాన్న పోయిన ఏడాదికే అమ్మకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆ దిగులే క్యాన్సరై కూర్చుందని చుట్టాలంతా అంటున్నారు. నిజమేనా? అమ్మ తనని తాను తిట్టుకుంటోంది.
– పాఠకురాలు, కరీంనగర్

కాదు. చేతికి తగిలేంత గడ్డ కావడానికి రొమ్ము క్యాన్సర్‌కు చాలా ఏళ్లు పడుతుంది. నాన్నగారు ఉన్నప్పుడే అది మొదలై ఉంటుంది. యూరప్‌లో సుమారు 1,16,000 మంది ఉద్యోగుల వివరాలు కలిపి చూసిన అధ్యయనం 2013లో వచ్చింది. పని ఒత్తిడికీ, పెద్దపేగు, ఊపిరితిత్తులు, రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లు రావడానికీ సంబంధం కనిపించలేదు. ఈ మాట చుట్టాలకు కూడా వినిపించండి.

అయితే ఉన్న గడ్డ మీద నరాల ప్రభావం ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వేరు. ప్లీహంలోకీ లింఫు గ్రంథుల్లోకీ సన్నని నరాలు వెళ్తాయి. వాటి కొసల నుంచి నార్‌అడ్రినలిన్ ఊరుతుంది. క్యాన్సర్ కణాలను చంపే టి కణాల పైన దాన్ని అందుకునే బీటా గ్రాహకాలు ఉంటాయి. ఒంట్లో భయం, చలి, నొప్పి నెలల తరబడి ఉండి ఆ రసాయనం ఆగకుండా తగులుతుంటే టి కణం చురుకు తగ్గి, చివరికి శత్రువు ఎదురుగా ఉన్నా చేయెత్తలేని స్థితికి వస్తుంది. ఇలా డీలా పడ్డ టి కణాల మీద బీటా-1 గ్రాహకం ఎక్కువగా ఉంటుందని, అవి నరాల చుట్టూనే గుమిగూడతాయని 2023లో చూపించారు.

ఎలుకల్లో ఇది తేటగా కనబడుతుంది. ప్రయోగశాలల్లో పంజరాలను సుమారు 22 డిగ్రీల దగ్గర ఉంచడం మామూలు. మనకు హాయి, ఎలుకకు మాత్రం చలి. దానికి ఇష్టమైన వేడి 30 డిగ్రీల దగ్గర. అమెరికాలోని రాస్‌వెల్ పార్క్ శాస్త్రవేత్తలు ఏ మందూ ఇవ్వకుండా పంజరం మాత్రం వెచ్చగా ఉంచితే గడ్డలు నెమ్మదిగా పెరిగాయి, టి కణాలు ఎక్కువగా లోపలికి వెళ్లాయి. 2010 నాటి ఇంకో ప్రయోగంలో, రోజూ కొంతసేపు కదలనివ్వకుండా ఉంచిన ఎలుకల్లో రొమ్ము గడ్డ సైజు పెద్దగా మారలేదు గానీ వేరే చోట్లకు పాకడం దాదాపు 30 రెట్లు పెరిగింది. బీటా గ్రాహకానికి అడ్డుపడే మందు ఇస్తే ఆ పెరుగుదల ఆగింది. పంజరంలో కట్టిపడేసిన ఎలుక బాధా, భర్తను పోగొట్టుకున్న మనిషి దిగులూ ఒకటే అనడం మాత్రం తొందరపాటు.

అమ్మ దిగులుకు చికిత్స చేయించండి, క్యాన్సర్ కోసం కాదు, అమ్మ కోసం. ఆమె రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ వాడుతుంటే సైకియాట్రిస్టుకు తప్పకుండా చెప్పండి. దిగులుకు ఇచ్చే పారాక్సిటిన్, ఫ్లుయోక్సిటిన్ అనే మాత్రలు లివర్‌లో టామాక్సిఫెన్ పనిచేసే రూపానికి మారకుండా అడ్డుపడతాయి. వెన్లాఫాక్సిన్ లాంటివాటితో ఆ ఇబ్బంది దాదాపు ఉండదు. ఇద్దరు డాక్టర్లు రాసిన చీటీలు ఒకే ఫైల్లో లేకపోవడం వల్ల జరిగే పొరపాటు ఇది.

బీపీకి వాడే ప్రొప్రనలాల్ మాత్ర వేసుకుంటే క్యాన్సర్ పాకకుండా ఆగుతుందని యూట్యూబ్‌లో చూశాను. మెడికల్ షాపులో చవకగా దొరుకుతోంది. వేసుకోవచ్చా?
– పాఠకుడు, భీమవరం

వద్దు. ప్రొప్రనలాల్ పైన చెప్పిన బీటా గ్రాహకానికి అడ్డుపడే మందే. ఆ మాటకు మూలం ఏమిటంటే, ఆస్ట్రేలియాలో రొమ్ము క్యాన్సర్ ఉన్న 60 మంది ఆడవాళ్ల మీద జరిగిన పరీక్ష. ఆపరేషన్‌కు ముందు ఏడు రోజులు కొందరికి రోజుకు 80 నుంచి 160 మిల్లీగ్రాముల ప్రొప్రనలాల్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు వేసుకున్నవారి గడ్డల్లో పాకే గుణానికి గుర్తులైన జన్యువుల చురుకు తగ్గింది. 2020లో వచ్చిన ఆ ఫలితం ఆశాజనకమే. కానీ వాళ్లు చూసింది గడ్డ ముక్కలోని గుర్తులను, మనుషులు ఎన్నేళ్లు బతికారన్నది కాదు. రెండింటి మధ్య దూరం చాలా ఉంది. ఆ దూరంలోనే ఎన్నో మందులు రాలిపోయాయి.

మాత్ర చవకే, చేసే చేటు చవక కాదు. ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. ఇన్సులిన్ తీసుకునేవారికి షుగరు పడిపోయినప్పుడు గుండె దడ, వణుకు లాంటి హెచ్చరికలు తెలియకుండా పోతాయి. నాడి ఇప్పటికే నెమ్మదిగా కొట్టేవారు కళ్లు తిరిగి పడతారు. కొన్ని వారాలు వాడి ఒక్కసారిగా మానేస్తే బీపీ, దడ ఎగదన్నుతాయి, గుండె జబ్బు ఉన్నవారికి అది ప్రాణం మీదికి వస్తుంది. మైగ్రేన్‌కో, థైరాయిడ్ దడకో మీ డాక్టరు ఇప్పటికే రాసి ఉంటే మాత్రం ఇది చదివి మానేయకండి.

రొమ్ము ఆపరేషన్‌కు ముందు గడ్డ చుట్టూ మత్తు ఇంజెక్షన్ చేస్తే మంచిదని విన్నాను. పూర్తి మత్తు ఇస్తారుగా, మళ్లీ ఇదెందుకు?
– పాఠకురాలు, విజయవాడ

మీరు విన్నది నిజమే. అది మన దేశంలో జరిగిన పనే. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి సర్జను రాజేంద్ర బడ్వే నాయకత్వంలో సుమారు 1600 మంది మీద పరీక్షించి 2023లో ప్రచురించారు. కోతకు 7 నుంచి 10 నిమిషాల ముందు, గడ్డలోకి కాకుండా దాని చుట్టూ ఆరు వైపులా 0.5 శాతం లిడోకెయిన్ ఎక్కించారు. ఐదేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 86.6 శాతం, తీసుకోనివారిలో 82.6 శాతం. బతికి ఉన్నవారు 90.1, 86.4 శాతం.

లిడోకెయిన్ నరంలోని సోడియం ద్వారాలను మూస్తుంది, అందుకే నొప్పి తెలియదు. అవే ద్వారాలు క్యాన్సర్ కణాల మీదా ఉంటాయి, కదలడానికి అవి వాటిని వాడుకుంటాయి. కత్తి తగిలే వేళకు వాటిని మూసేయడం ఇందులోని ఉపాయం. పూర్తి మత్తు పద్ధతి మార్చితే ఇలాంటి లాభం రాలేదు. వెన్ను పక్క నరాలకు మత్తిచ్చి, రక్తనాళంలోకి ఎక్కించే ప్రొపోఫాల్ అనే మత్తుమందు వాడినా, గ్యాసుతో మత్తిచ్చినా జబ్బు తిరగబెట్టడంలో తేడా లేదని 2019లో రెండు వేల మందికి పైగా ఉన్న పరీక్ష తేల్చింది. మీ సర్జనుతో ఆపరేషన్ తేదీ ఖాయమయ్యే రోజే మాట్లాడండి. థియేటర్ బల్ల ఎక్కాక అడిగే సంగతి కాదు. లిడోకెయిన్ పడదని తెలిసినా, గుండె లయ జబ్బు ఉన్నా ముందే చెప్పాలి.

మా బాబాయికి 58. బీడీలు బాగా తాగుతాడు. ఆరు నెలలుగా కింద కూర్చుంటే లేవలేకపోతున్నాడు, నోరు ఎండుకుపోతోంది. నరాల డాక్టరుకు చూపిస్తే ఛాతీకి సీటీ స్కాన్ రాశారు. కాళ్లకు జబ్బయితే ఛాతీకి స్కానా?
– పాఠకుడు, శ్రీకాకుళం

ఆ డాక్టరు సరిగ్గానే పట్టుకున్నారు. ఆయన అనుమానం బహుశా లాంబర్ట్-ఈటన్ అనే జబ్బు. ఊపిరితిత్తుల్లో వచ్చే స్మాల్ సెల్ క్యాన్సర్ కణాల పైన కాల్షియం ద్వారాలు ఉంటాయి. సరిగ్గా అలాంటివే కండరాన్ని కదిలించే నరపు కొసల్లోనూ ఉంటాయి. రోగనిరోధక వ్యవస్థ క్యాన్సర్‌ను గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి గడ్డతో పాటు నరపు కొసలనూ కొడతాయి. దాంతో కండరానికి అందాల్సిన ఎసిటైల్‌కోలిన్ తగ్గుతుంది. తొడలు, తుంటి దగ్గర బలహీనత, నోరు ఎండడం, మలబద్ధకం అలా వచ్చేవే. ఈ జబ్బు ఉన్నవారిలో సుమారు సగం మందికి స్మాల్ సెల్ క్యాన్సర్ ఉంటుంది. తరచూ దగ్గూ ఆయాసమూ రాకముందే కాళ్లు చెబుతాయి.

డాక్టరు మోకాలి కింద సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగరకపోవచ్చు. తొడ కండరాన్ని పది సెకన్లు గట్టిగా బిగించమని మళ్లీ తడితే ఒక్కసారిగా ఎగురుతుంది. ఈ జబ్బు ప్రత్యేకత అది. యాంటీబాడీ రక్తపరీక్ష, నరానికి కరెంటు ఇచ్చి చేసే పరీక్ష దాన్ని ఖాయం చేస్తాయి. సీటీలో ఏమీ లేకపోయినా 'బతికిపోయాం' అని ఫైలు మూసేయకూడదు. పెట్ స్కాన్ చేయించి, బీడీలు తాగే మనిషి కాబట్టి మూడు నుంచి ఆరు నెలలకోసారి రెండేళ్ల పాటు చూస్తూ ఉండాలి. క్యాన్సర్‌కు వైద్యం జరిగితే కాళ్ల బలం కూడా మెరుగవుతుంది. ఈలోపు ఏ ఆపరేషన్ జరిగినా మత్తు డాక్టరుకు ఈ జబ్బు పేరు చెప్పాలి. కండరాలు వదులు చేసే మందులు, మెగ్నీషియం ఇంజెక్షన్, జెంటామైసిన్ రకం యాంటీబయాటిక్‌లు ఊపిరి ఆడని స్థితికి తేగలవు.

ఇదే కోవలో ఇంకొకటి ఉంది, మన ఊళ్లలో దారి తప్పేది ఎక్కువగా అదే. వయసులో ఉన్న ఆడపిల్ల ఉన్నట్టుండి పిచ్చిగా మాట్లాడి, నిద్రపోక, ఫిట్స్ వచ్చి, నోరు వింతగా తిప్పుతుంటే దయ్యం పట్టిందని తీసుకుపోతారు. అండాశయంలోని టెరటోమా అనే గడ్డ వల్ల పుట్టిన యాంటీబాడీలు మెదడును పట్టుకోవడం ఒక కారణం కావచ్చని 2007లో తేలింది. వెన్ను నీటి పరీక్ష, పొట్ట స్కాన్ చేయించి, గడ్డ ఉంటే తీసి మందులిస్తే వీళ్లలో చాలామంది కోలుకుంటారు. వారాలు గడిచేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు నాన్నకు ఇమ్యునోథెరపీ రెండు డోసులు పడ్డాయి. మూడు రోజులుగా ఎడమ కంటి రెప్ప వాలిపోతోంది, సాయంత్రానికి ఎక్కువవుతోంది. మూడో డోసు వచ్చే వారం. అప్పుడు చెబితే చాలా?
– పాఠకురాలు, హైదరాబాద్

చాలదు. పత్రిక చేతికొచ్చేదాకా ఆగవద్దని మీకు విడిగా జవాబు పంపాం. మిగతావారి కోసం ఇక్కడ రాస్తున్నాం.

నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి మందులు టి కణాలకు వేసి ఉన్న బ్రేకు తీసేస్తాయి. బ్రేకు తీసిన టి కణాలు అరుదుగా నరమూ కండరమూ కలిసేచోటును కొట్టి మయస్తీనియా అనే, కండరాలు త్వరగా అలిసి బలహీనపడే జబ్బు తెప్పిస్తాయి. రెప్ప వాలడం దాని గుర్తు కావచ్చు. ఇది చాలావరకు మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. ఇందులో భయపడాల్సింది రెప్ప గురించి కాదు. దీనితో పాటే గుండె కండరం, ఊపిరి కండరాలు కూడా దెబ్బతినవచ్చు. అందుకే ఆస్పత్రిలో ఈసీజీ, గుండె, కండరాలు దెబ్బతిన్నాయా అని చూసే ట్రోపోనిన్, సీకే రక్తపరీక్షలు అదే రోజు చేస్తారు.

ఇంట్లో చేయదగిన పని ఒకటుంది. గుండెల నిండా గాలి పీల్చి, మళ్లీ పీల్చకుండా మామూలు వేగంతో ఒకటి, రెండు అని లెక్కపెట్టమనండి. ఇరవై దాటలేకపోయినా, మింగేటప్పుడు పొరబోతున్నా, ఒకటి రెండుగా కనబడుతున్నా, ఛాతీలో పట్టేసినట్టున్నా రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఏ మందు పడింది, ఎప్పుడు పడింది రాసి ఉన్న కాగితం తీసుకెళ్లండి. ఎమర్జెన్సీలో ఉన్న జూనియర్ డాక్టరు దాన్ని మామూలు కీమో అనుకోవచ్చు, లేదా పక్షవాతం దారిలో వెళ్లొచ్చు.

స్టీరాయిడ్ ఇస్తే ఇమ్యునోథెరపీ పాడైపోతుందని కొందరు వెనకాడతారు. చికిత్స మొదలయ్యే నాటికే వేరే కారణంతో రోజుకు 10 మిల్లీగ్రాములు, అంతకు మించి ప్రెడ్నిసలోన్ వాడుతున్నవారిలో ఫలితాలు తగ్గినట్టు 2018లో చూశారు. దుష్ఫలితాన్ని ఆర్పడానికి ఇచ్చే స్టీరాయిడ్ సంగతి అది కాదు. అక్కడ స్టీరాయిడ్ ప్రాణం కాపాడే మందు.

ప్రాణాయామంతో వేగస్ నరం మేల్కొని క్యాన్సర్ తగ్గుతుందంటున్నారు.
– పాఠకుడు, నిజామాబాద్

మెదడు నుంచి గుండె, పొట్ట దాకా దిగే వేగస్ నరం వాపును తగ్గిస్తుందన్నది నిజం. ఆ దారిని కెవిన్ ట్రేసీ అనే అమెరికన్ సర్జను 2002లో వివరించాడు. అక్కణ్నుంచి క్యాన్సర్ తగ్గుతుందనడం గాల్లో మేడే. నిమిషానికి ఆరు చొప్పున, ఐదు సెకన్లు పీల్చి ఐదు సెకన్లు వదిలే నెమ్మది శ్వాస నిద్రకూ ఆందోళనకూ పనికొస్తుంది, చేయండి. పొట్ట ఆపరేషన్ కొత్తగా అయినవారు కపాలభాతి జోలికి పోవద్దు. కుట్ల మీద ఒత్తిడి పడి హెర్నియా రావచ్చు.

అమ్మకు క్లోమ గ్రంథి క్యాన్సర్. పొట్టలోంచి వీపులోకి భరించలేని నొప్పి. మార్ఫిన్ రాశారు. అది ఇమ్యూనిటీని చంపేస్తుందని, అలవాటవుతుందని అన్నయ్య ఇవ్వనివ్వడం లేదు.
– పాఠకురాలు, అనకాపల్లి

క్లోమ క్యాన్సర్ నరాలను పట్టుకోవడంలో అన్నిటికన్నా ముందుంటుంది. ఆ నొప్పి నడుము నొప్పి కాదు, నరాల గుత్తిలోకి క్యాన్సర్ దిగబడినప్పటి నొప్పి. మార్ఫిన్ రోగనిరోధక కణాలను కొంత తగ్గిస్తుందని ప్రయోగశాలలో కనిపించిన మాట నిజమే. కానీ నిద్ర లేక, తిండి లేక, రోజంతా మెలికలు తిరిగే మనిషి ఒంట్లో నార్‌అడ్రినలిన్, కార్టిసాల్ చేసే పని కూడా అదే. నొప్పిని అలాగే వదిలేస్తే ఇమ్యూనిటీ మిగలదు, మనిషీ మిగలదు. క్యాన్సర్ నొప్పికి లెక్క ప్రకారం వాడితే వ్యసనం కావడం అరుదు.

లెక్క ప్రకారం అంటే ఇలా. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది నాలుగు గంటలే. నొప్పి వచ్చాక కాకుండా గడియారం చూసి ఇవ్వాలి. పెద్దవయసువారికి తరచూ 5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, కిడ్నీలు బాగా లేకపోతే ఇంకా తగ్గిస్తారు. రాత్రి పడుకునేముందు రెట్టింపు ఇస్తే నడిరాత్రి లేపనక్కర్లేదు. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే నాలుగు గంటలకు ఇచ్చే మోతాదునే ఒకటి అదనంగా ఇచ్చి, టైముతో సహా నోటుబుక్కులో రాయండి. డాక్టరు మరుసటి మోతాదు కట్టేది ఆ పుస్తకం చూసే. మొదటి రోజు నుంచే విరేచనం మందు కలిపి ఇవ్వాలి. ఇది మరిచిపోయి, నాలుగో రోజుకు పొట్ట బిగిసి, 'మార్ఫిన్ పడలేదు' అని మానేసే ఇళ్లు చాలా ఉన్నాయి. మొదటి రెండు మూడు రోజుల మగత దానంతటదే తగ్గుతుంది. లేపినా లేవకపోవడం, నిమిషానికి పది లోపు శ్వాసలు మాత్రం వెంటనే చెప్పాల్సినవి.

మోతాదు పెంచుతున్నా నొప్పి ఆగకపోతే సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ గురించి అడగండి. స్కాన్ చూస్తూ వెన్ను ముందున్న నరాల గుత్తి దగ్గర ఆల్కహాల్ ఎక్కించి ఆ నరాలను మాడ్చేస్తారు. 2004లో వంద మంది మీద చేసిన పరీక్షలో నొప్పి బాగా తగ్గింది, ఆయుష్షు మాత్రం పెరగలేదు. ఒకటి రెండు రోజులు బీపీ తగ్గడం, విరేచనాలు మామూలు. లేవగానే నిలబడకుండా మంచం అంచున కాసేపు కూర్చోబెట్టండి. జబ్బు మరీ ముదిరి నరాల చుట్టూ గట్టిపడ్డాక మందు పాకదు, కాబట్టి చివరి ఉపాయంగా దాచుకోకండి.

మార్ఫిన్ అన్ని షాపుల్లో దొరకదు. మీకు దగ్గర్లో విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. హైదరాబాద్ వైపువారికి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి నివారణ విభాగం ఉంది. మొదటిసారి వెళ్లేటప్పుడు బయాప్సీ కాగితం, ఆధార్, ఆ నోటుబుక్కు పట్టుకెళ్లండి. వీలైతే అన్నయ్యను కూడా వెంట తీసుకెళ్లండి.